వెగోవీ పెన్ను: కాలేయం కోసం కొనేవారికి ఒక సమీక్ష

2025 జూన్‌లో మన మందుల దుకాణాలకు వచ్చిన వెగోవీని చాలామంది బరువు తగ్గించే సూదిగానే ఎరుగుదురు. అదే ఏడాది ఆగస్టులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దానిని, కొవ్వు పేరుకుని వాపు, మచ్చలు ఏర్పడే కాలేయ వ్యాధికి కూడా అనుమతించింది. మా ఇంట్లో ఈ పెన్ను వాడుతున్నది కాలేయం కోసమే గనుక, ఈ సమీక్షను ఆ ఉపయోగానికే పరిమితం చేస్తున్నాను.

ఇది విషం నుంచి తీసిన మందన్న ప్రచారంలో సగమే నిజం. అమెరికా నైరుతి ఎడారుల్లో, మెక్సికోలో గిలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి ఉంటుంది. న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో మాజీ సైనికుల ఆసుపత్రి వైద్యుడైన జాన్ ఎంగ్ 1990ల ఆరంభంలో దాని విషంలో ఎక్సెండిన్-4 అనే పెప్టైడ్‌ను (చిన్న ప్రొటీన్ ముక్కను) గుర్తించారు. భోజనం తరువాత మన పేగుల్లో ఊరి, ఆకలిని, రక్తంలో చక్కెరను అదుపు చేసే జీఎల్‌పీ-1 హార్మోన్ పనే ఇదీ చేస్తుంది; అయితే రక్తంలో ఆ హార్మోన్ రెండు నిమిషాలకే సగమైపోతుండగా, బల్లి పెప్టైడ్ గంటల తరబడి నిలుస్తుంది. దానినే కృత్రిమంగా తయారుచేసి 2005లో బైయెట్టా పేరుతో మధుమేహానికి విడుదల చేశారు. వెగోవీలోని అసలు మందు సెమాగ్లుటైడ్ మాత్రం మానవ హార్మోన్‌కే కొద్ది మార్పులు చేసి, కొవ్వు ఆమ్లపు గొలుసు తగిలించి, ఈస్ట్ సాయంతో తయారుచేసినది. ఆ గొలుసు రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌ను అంటిపెట్టుకోవడం వల్ల వారానికి ఒక సూది సరిపోతుంది. పెన్నులో విషం చుక్కైనా లేదు, దారి చూపింది మాత్రం ఆ బల్లే.

ఇక ఫలితాలు. మధ్యస్థం నుంచి తీవ్రమైన ఫైబ్రోసిస్ (కాలేయంలో మచ్చ) ఉన్న 800 మందిపై 72 వారాలు జరిపిన ఎసెన్స్ పరీక్షలో, మందు తీసుకున్నవారిలో 62.9 శాతం మందికి కాలేయపు వాపు పోయింది. ఉత్తుత్తి సూది తీసుకున్నవారిలోనూ 34.3 శాతం మందికి పోయింది. ఫైబ్రోసిస్ తగ్గినవారు వరుసగా 36.8, 22.4 శాతం. నా దృష్టిలో రెండో లెక్కే ముఖ్యం, ఎందుకంటే కాలేయం గట్టిపడి దెబ్బతినే సిర్రోసిస్ వైపు జారేది మచ్చ ముదిరినప్పుడే. అక్కడ తేడా నిజమే కానీ అద్భుతం కాదు. అనుమతి కూడా సిర్రోసిస్ దాకా వెళ్లని ఆ రెండు దశలకే, అదీ తుది ఫలితాలు రావలసి ఉందన్న షరతుతో ఇచ్చారు.

ఈ మాట గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. హైదరాబాద్ ఐటీ ఉద్యోగులు 345 మందిని పరీక్షించిన అధ్యయనంలో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు కనిపించింది. వారందరూ ఈ పెన్ను కొనవలసిన పని లేదు. స్కానింగ్ రిపోర్టులో గ్రేడ్-1 ఫ్యాటీ లివర్ అని ఉన్నంత మాత్రాన దీనికి పరుగెత్తడం డబ్బు దండగ. కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ చేయించి, మచ్చ ఏ దశలో ఉందో వైద్యునితో తేల్చుకోవాలి.

వాడకం సులువే. ఒక పెన్నులో నాలుగు వారాల డోసులుంటాయి, వాడకం మొదలయ్యేదాకా ఫ్రిజ్‌లో ఉంచాలి, గడ్డకట్టనీయకూడదు. డోసు 0.25 మిల్లీగ్రాములతో మొదలై నెలల మీద 2.4కు చేరుతుంది, పెంచినప్పుడల్లా వికారం, వాంతులు, మలబద్ధకం రావచ్చు. క్లోమం వాపు వచ్చినవారు, కుటుంబంలో మెడల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నవారు ముందే వైద్యునికి చెప్పాలి.

ధర దగ్గరే నాకు అభ్యంతరం. విడుదలప్పుడు నెలకు రూ.17,345తో మొదలై పూర్తి డోసుకు రూ.26,015 అయ్యేది; 2025 నవంబరులో 37 శాతం దాకా తగ్గించారు. మానేస్తే తగ్గిన బరువు చాలావరకు తిరిగి వస్తుంది కాబట్టి ఇది ఏళ్ల తరబడి పెట్టవలసిన ఖర్చు. మన దేశంలో పేటెంటు గడువు 2026 మార్చి కావడంతో హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ వంటి సంస్థలు ముందునుంచే సొంత తయారీకి సిద్ధమయ్యాయి. చవక బ్రాండుకు మారేవారు ఒక్కటి గమనించాలి: మధుమేహానికి అమ్మే ఓజెంపిక్‌లోనూ ఇదే మందు ఉన్నా డోసు 2.4 వరకు వెళ్లదు, కాలేయంపై పైన చెప్పిన ఫలితాలు వచ్చింది ఆ డోసుతోనే.