యూనిప్రాట్‌తో ఆరేళ్లు, ఆ 28 సంగతి తెలియక పదకొండు రోజులు

యూనిప్రాట్ అంటే ప్రోటీన్ల వివరాలు దొరికే వెబ్‌సైటు. దాన్ని ఎవరు నడుపుతారు, ఉచితమా కాదా అనేవి ఇక్కడ రాయను, కావాల్సినవాళ్లకు ఎక్కడైనా దొరుకుతాయి. నేను రాయాలనుకున్నది ఆ సైటులో ఒకే ఒక్క చిన్న వరుస గురించి. "సిగ్నల్, 1 నుంచి 28" అని ఉంటుంది, పేజీలో బాగా కిందికి వెళ్తే తప్ప కనబడదు. అది చూడకపోవడం వల్ల మా ఇంట్లో పదకొండు రోజులు ఒక తప్పుడు మాట చలామణీ అయింది, అదీ నా నోటి నుంచే, నేనేమో చదువుకున్న పిల్లనని అందరూ నమ్మారు.

నా పని హైదరాబాద్‌లో ఫార్మకోవిజిలెన్స్, అంటే మందు వేసుకున్నాక ఎవరికైనా ఇబ్బంది వస్తే ఆ రిపోర్టులు చదివి రాయడం. వారానికి ఒకటి రెండుసార్లు ఏదో ఒక జీన్ పేరు తగులుతుంది. యూనిప్రాట్‌లో ఆ పేరు కొట్టి, మనుషులది ఎంచుకుని, పక్కన బంగారు రంగు గుర్తు ఉన్న ఎంట్రీ తెరిచి (ఆ గుర్తు ఉంటే ఎవరో మనిషి కూర్చుని చదివి సరిచూసిందని అర్థం, లేకపోతే చాలావరకు కంప్యూటర్ నింపినదే), పైన "ఫంక్షన్" అని ఉన్న పేరా చదివేసి మూసేసేదాన్ని. మొదటి మూడేళ్లు ఇంతే. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకు కూడా "అన్నీ అందులోనే ఉంటాయి, ఇంకెక్కడికీ వెళ్లక్కర్లేదు" అని చెప్పేదాన్ని. ఉంటాయి, నిజమే. మొత్తం చదివితే.

మా బాబాయికి తెనాలిలో కిరాణా కొట్టు. మూడేళ్ల కింద హెర్నియా ఆపరేషన్ అయింది. గొంతులో గొట్టం వేసే ముందు కండరాలు సడలడానికి సక్సినైల్‌కోలీన్ ఇంజెక్షన్ ఇచ్చారు, ఆసుపత్రుల్లో స్కోలిన్ అనే అంటారు. మామూలుగా అయిదు పది నిమిషాల్లో దాని పని అయిపోతుంది. బాబాయికి అవలేదు. ఆపరేషన్ అయిపోయినా ఊపిరి సొంతంగా తీసుకోలేక నాలుగు గంటల పైన వెంటిలేటర్ మీదే ఉన్నాడు. మత్తు డాక్టరుగారు బయటికి వచ్చి పిన్నిని అడిగిన మొదటి మాట, "అమ్మా, మీరు వైశ్యులా?" పిన్నికి ఒళ్లు మండిపోయింది, మనిషి లోపల అలా ఉంటే తలుపు దగ్గర నిలబెట్టి కులం అడుగుతాడేంటని. ఆయన అడిగింది వేరే ఉద్దేశంతో అని తర్వాత తెలిసింది. ఆ మందును రక్తంలో విరగ్గొట్టే ఎంజైమ్ ఒకటి ఉంది, బ్యుటిరిల్‌కోలినెస్టరేజ్, జీన్ పేరు బీసీహెచ్ఈ, మూడో క్రోమోజోమ్ మీద ఉంటుంది. తల్లి నుంచి, తండ్రి నుంచి వచ్చిన రెండు కాపీలూ పాడైతే మందు విరగదు. ఆర్య వైశ్యుల్లో ఈ లోపం మిగతావాళ్ల కంటే ఎక్కువ, ఇది మత్తు డాక్టర్లకు ఎప్పటి నుంచో తెలిసిన విషయమే. తరతరాలుగా మనలో మనమే ఇచ్చిపుచ్చుకుంటున్నాం కదా, పైగా మేనరికాలు.

బాబాయి సాయంత్రానికి లేచి కాఫీ అడిగాడు, అది వేరే సంగతి. తర్వాత రక్త పరీక్ష చేయిస్తే ఆ ఎంజైమ్ దాదాపు లేదని వచ్చింది, జీన్ పరీక్ష కూడా చేయించారు. రిపోర్టులో "బీసీహెచ్ఈ, 335వ స్థానంలో లూసీన్ బదులు ప్రోలీన్, రెండు కాపీల్లోనూ" అని ఉంది, లూసీన్, ప్రోలీన్ అంటే ప్రోటీన్ గొలుసులోని అమైనో ఆమ్లాల పేర్లు.

నేను ఊరుకోవాలి కదా. వైశ్యుల మీద 2006లో వచ్చిన పరిశోధన పేపర్ ఒకటి దొరికింది, అందులో లూసీన్ బదులు ప్రోలీన్ వచ్చింది 307వ స్థానంలో. 335 ఎక్కడ, 307 ఎక్కడ. యూనిప్రాట్‌లో బీసీహెచ్ఈ పేజీ తెరిచి, సీక్వెన్స్, అంటే ఒక్కో అమైనో ఆమ్లానికి ఒక్కో అక్షరం చొప్పున రాసిన వరుస, ప్రింటు తీసుకున్నాను. అక్షరాలు పదేసి చొప్పున గుంపులుగా ఉంటాయి కాబట్టి లెక్కపెట్టడం తేలికే. పెన్సిల్‌తో 307 దగ్గరికి వెళ్తే అక్కడ ఉన్నది వీ, అంటే వేలీన్. లూసీన్ కానే కాదు. మళ్లీ లెక్కపెట్టాను, మళ్లీ వేలీనే. ఇంకేం, పేపర్‌లో చెప్పింది వేరే, మా బాబాయిది వేరే అని తీర్మానించేసి, ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టాను: "మనవాళ్లలో కామన్‌గా ఉండే రకం కాదు ఇది, బాబాయి ఒక్కడికే వచ్చిన వేరే మార్పు, మిగతావాళ్లు టెన్షన్ పడక్కర్లేదు." దండం పెట్టే బొమ్మలు పదిహేను వచ్చాయి. పెద్దత్తయ్య కొడుకు పరీక్షకని ఇద్దామనుకున్న రక్తం ఇవ్వడం మానేశాడు.

పదకొండో రోజు ఆఫీసులో వేరే పని మీద అదే పేజీ తెరవాల్సి వచ్చింది. ఈసారి కిందికి వెళ్లి తెలిసిన మార్పుల పట్టిక చూశాను. ఈ జీన్‌లో అందరికంటే పాత, పాఠ్యపుస్తకాల్లో ఉండే మార్పు ఒకటుంది, 70వ స్థానంలో ఆస్పార్టిక్ ఆమ్లం బదులు గ్లైసీన్. పట్టికలో అది 98 దగ్గర ఉంది. కె-వేరియంట్ అని ఇంకోటి, పుస్తకాల్లో 539, ఇక్కడ 567. రెండిట్లోనూ తేడా 28. చేతిలో టీ కప్పు కింద పెట్టేశాను. 307కి 28 కలిపితే 335. సీక్వెన్స్‌లో 335 దగ్గర లూసీన్ ఉంది, ఎక్కడికీ పోలేదు.

అప్పుడు కనబడింది ఆ వరుస. సిగ్నల్ 1 నుంచి 28, ఆ కిందే చైన్ 29 నుంచి 602. ప్రోటీన్ తయారయ్యేటప్పుడు మొదటి 28 అక్షరాలు దాన్ని కణం బయటికి పంపించడానికి మాత్రమే పనికొస్తాయి, పని అవగానే తెగిపోతాయి. పాతరోజుల్లో శాస్త్రజ్ఞులు రక్తంలోంచి తీసిన ప్రోటీన్‌ను చదివారు కాబట్టి తెగిన తర్వాతి అక్షరాన్ని ఒకటి అన్నారు. ఇప్పటి పద్ధతిలో మొట్టమొదటి అమైనో ఆమ్లమైన మెథియోనిన్ నుంచే లెక్క. సికిల్ సెల్‌లో కూడా ఇంతే, ఆ రక్త జబ్బు తెచ్చే మార్పుకు మనం చదువుకున్న ఆరో స్థానం ఇప్పటి రిపోర్టుల్లో ఏడు. అక్కడ తేడా ఒక్కటే కాబట్టి ఎవరైనా పట్టేస్తారు, ఇక్కడ 28.

సిగ్గుపడుతూనే బాబాయికి ఫోన్ చేసి చెప్పాను. మొత్తం విని, "అంటే వాళ్లు నెయ్యి తూచారు, నువ్వు డబ్బాతో కలిపి తూచావు, డబ్బా బరువు ఇరవై ఎనిమిది, అంతేనా?" అన్నాడు. అంతే. నేను గ్రూపులో నాలుగు పేరాలు రాసినా అర్థం కానిది ఆ ఒక్క ముక్కతో అందరికీ అర్థమైంది. పెద్దత్తయ్య కొడుకు వెళ్లి రక్తం ఇచ్చాడు, వాడికి ఒక కాపీలోనే ఉందని వచ్చింది.

తప్పు యూనిప్రాట్‌ది కాదు, రాసే ఉంచారు పాపం, చదవంది నేను. ఇప్పుడు ఏ ప్రోటీన్ తెరిచినా ఫంక్షన్ కంటే ముందు ఆ వరుసే చూస్తాను, ఇలాంటి వరుస ఇంత శుభ్రంగా, ఎక్కడ తెగుతుందో అంకెలతో సహా, ఇచ్చినందుకు వాళ్లంటే నాకు ఒకరకమైన భక్తి ఏర్పడింది. ఒక్కటే కోరిక, పాత లెక్క అంకె కూడా పక్కనే పెద్దగా కనబడితే బాగుండేది. 2022లో సైటు రూపం మార్చాక చూడ్డానికి బాగుంది కానీ, నాకు పాతదే చేతికి అలవాటు.

"అన్నీ అందులోనే ఉంటాయి" అన్న నా పాత మాట మాత్రం కొంచెం వెనక్కి తీసుకుంటున్నాను. మా ఇంట్లోవాళ్లు తర్వాత అడిగిన ప్రశ్న, "మనలో ఎంతమందికి ఉంటుంది?" దానికి యూనిప్రాట్ సరైన చోటు కాదు, అది ప్రోటీన్ గురించి చెప్తుంది, జనం గురించి కాదు. ఏ జీన్ మార్పు ఎంతమందిలో ఉందో లెక్కలిచ్చే నోమాడ్‌కి వెళ్తే దక్షిణాసియా అని ఒకే గంపలో అందరినీ వేస్తారు. ఎన్‌సెంబుల్ అనే జీన్ల సైటులో ఒక మార్పు పేజీలో ఏయే జనాభాలో ఎంత ఉందో చూస్తుంటే ఐటీయూ అని కనబడింది, బ్రిటన్‌లో ఉంటున్న తెలుగువాళ్లట, వెయ్యి జీనోముల ప్రాజెక్టులో 102 మంది. మన భాష పేరు అక్కడ చూసి ఎంత ముచ్చటేసిందో. కానీ ఆ 102 మందిని పెట్టుకుని తెనాలి వైశ్యుల గురించి ఏం చెప్పగలం.

కాబట్టి, నా ఉద్యోగానికైతే ఇది చాలు, వాడుతూనే ఉంటాను, మానను. ఇంట్లో ఎవరి రిపోర్టో పట్టుకుని వెతికేవాళ్లు అయితే, ముఖ్యంగా నాలాగా సగం తెలిసినవాళ్లు అయితే, గ్రూపులో పెట్టేముందు ఒకసారి డాక్టరుకు చూపించండి. జీన్ సంగతి ఎలా ఉన్నా, మా ఇంట్లో అసలు పనికొచ్చింది మామూలు ఎంజైమ్ రక్త పరీక్ష, ఆపరేషన్ ముందు మత్తు డాక్టరుకు చెప్పడం, అంతే.

బాబాయికి ఒక కార్డు లామినేషన్ చేయించి ఇచ్చాను. "స్కోలిన్, మైవాక్యూరియం ఇవ్వవద్దు" అని ఎర్ర అక్షరాలతో (మైవాక్యూరియం కూడా కండరాలు సడలించే మందే), కింద "బీసీహెచ్ఈ 335, పాత లెక్కలో 307" అని. మొదటిసారి అచ్చు వేయించినప్పుడు 335 ఒక్కటే రాయించాను, డాక్టరుగారు చూసి రెండూ రాయించమన్నారు. ఒక కాపీ పర్సులో ఉంది, ఇంకోటి కొట్లో వాసవీ మాత క్యాలెండర్ పక్కన అంటించాడు.