నల్లమలలో రెండు రోజులు: పిల్లను ఎవరెత్తుకోవాలి?

దేవరకొండ నుంచి నల్లమల మాకు దగ్గరే. డిండి కట్ట దాటి, హాజీపూర్ చౌరస్తాలో ఒక టీ తాగితే అక్కడి నుంచి అచ్చంపేటైనా మన్ననూరైనా ఎంతో దూరం ఉండదు. అయినా పాప పుట్టాక ఎక్కడికీ కదల్లేదు. డిసెంబర్‌లో రెండు రోజులు సెలవు దొరికితే నేను, మా ఇంటామె, పద్నాలుగు నెలల పాప, మా నాయిన కలిసి బయల్దేరాం. చంటిపిల్లతో అక్కడ తిరగగలమా అని కాలేజీలో ఇద్దరు అడిగారు. తిరగొచ్చు. కాకపోతే ఎవరు ఎంతసేపు ఎత్తుకోవాలో ఇంట్లోనే తేల్చుకుని వెళ్ళండి.

మొదటి రోజు ఉమామహేశ్వరం. శ్రీశైలానికి ఉత్తర ద్వారం అంటారు. రంగాపూర్ దాటి ఘాట్ రోడ్డు ఎక్కితే కారు దాదాపు గుడి దాకా పోతుంది. పెద్ద కొండచరియ గొడుగులా ముందుకు వంగి ఉంటుంది, గుడి దాని నీడలో. ముసలివాళ్ళకూ పిల్లలకూ ఇంత సుఖమైన చోటు ఈ చుట్టుపక్కల నేను చూడలేదు. కోతులు లేకపోతే ఇంకా బాగుండేది.

పాపకు పాలు పట్టాలని నాయిన సంచిలోంచి సీసా తీశాడో లేదో, వెనక నుంచి ఒక బలిసిన మగ కోతి లాక్కుపోయింది. పిట్టగోడ మీద కూర్చుని, నిపుల్‌ను పళ్ళతో కొరికి ఊడదీసి, సీసాను రెండు చేతులతో ఎత్తి తాగింది. పొట్టకు పిల్లను హత్తుకున్న ఆడ కోతి ఒకటి గోడ మీద కారిన చుక్కల కోసం చెయ్యి చాపింది. మగది పళ్ళు బయటపెట్టేసరికి తల్లి, పిల్ల రెండూ చెట్టెక్కాయి.

నాయిన సీసా పోయినందుకు కాదు, దీనికి బాధపడ్డాడు. "పొద్దటి సంది చూస్తున్నరా. ఇన్ని కోతులున్నయి, ఒక్క మొగదన్న పిల్లనెత్తుకున్నదా?"

మా నాయిన ఆ మాట అనడం నాకు నవ్వొచ్చింది. మా తాత ముందు ఆయన నన్ను ఏనాడూ ఎత్తుకోలేదట. పెద్దల ముందు సొంత పిల్లను ఎత్తుకుంటే మర్యాద కాదనే రోజులు. నన్ను పెంచింది మా అవ్వ, మేనత్తలు. ఇప్పుడేమో మనవరాలిని కింద దించడు.

నేను ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్తాను కాబట్టి ఊరుకోలేకపోయాను. ఈ ఎర్రమూతి కోతుల మందలో మగవీ ఆడవీ చాలా ఉంటాయి. ఒక ఆడది చాలా మగవాటితో కలుస్తుంది. ఏ పిల్ల ఎవరిదో మగదానికి తేలదు, అందుకే సాకుడంతా తల్లి మీదే పడుతుంది. కానీ ఇదే జాతికి దగ్గరి చుట్టాలైన బార్బరీ కోతులు మొరాకో, అల్జీరియాల్లో ఉన్నాయి. వాటిలో మగవి పిల్లల్ని బాగానే ఎత్తుకు తిరుగుతాయి. తన పిల్లే కానక్కర్లేదు. ఇంకో మగదాని దగ్గరికి పోవాలంటే ఒక పిల్లను చంకనేసుకుని పోతాయి, ఇక గొడవ ఉండదు. ఇది చెప్తే నాయిన వెంటనే పట్టుకున్నాడు: "బాకీ ఉన్నోడు పిల్లనెత్తుకుని సేటు ఇంటికి పోయినట్టు."

రాత్రి బస గురించి ఎక్కువ చెప్పను. మన్ననూరులో అటవీశాఖ కాటేజీలు నిండిపోయాయి, ముందే బుక్ చేసుకోకపోవడం నా తప్పు. అచ్చంపేటలో ఒక లాడ్జిలో 1,400 కట్టి దిగాం. గీజర్ వెయ్యగానే కరెంటు పోతుంది. పాపకు వేడినీళ్ళు అడిగితే కౌంటర్ అబ్బాయి గ్లాసుకు 20 అన్నాడు. ఎదురుగా జొన్నరొట్టెలు చేసే ఆమె చెంబు నిండా కాచి ఇచ్చి పైసా తీసుకోలేదు. ఆ రొట్టెల కోసమైతే అచ్చంపేటలో మళ్ళీ ఆగుతాను, లాడ్జి కోసం కాదు.

రెండో రోజు తెల్లవారకముందే మన్ననూరు చేరాం. ఇక్కడి నుంచి శ్రీశైలం రోడ్డును రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు, టైం చూసుకుని వెళ్ళండి. ఫర్హాబాద్ సఫారీకి సొంత బండిని పోనివ్వరు, అటవీశాఖ జీపే ఎక్కాలి. డిసెంబర్ చలిలో ఓపెన్ జీపు, గుంతల దారి. పాపకు రెండు స్వెట్టర్లు, ఒక మంకీ క్యాప్ వేశాం, ఆ పూటకు ఆ టోపీ సరిగ్గా సరిపోయింది. పులి కనబడుతుందని మాత్రం ఆశపడకండి. మాకు అడుగుల జాడ ఒకటి చూపించారు, అంతే. కానీ మాతో వచ్చిన చెంచు గైడ్ ఒక చోట జీపు ఆపించాడు. నా దృష్టిలో ఇచ్చిన డబ్బు అక్కడే గిట్టింది.

కొండెంగల గుంపు. వాటిలో ఒక తల్లి ఒళ్ళో నల్లటి పిల్ల, పుట్టి వారం కూడా అయి ఉండదు. కొండెంగ పెద్దయితే బూడిద రంగు, పుట్టినప్పుడు మాత్రం మసి పూసినట్టుంటుంది. పక్కనున్న ఆడది చెయ్యి చాపి పిల్లను మెల్లగా లాక్కుంది. తల్లి వదిలేసి చిగుళ్ళు తెంపుకోవడానికి పోయింది. ఆమె దగ్గర్నుంచి ఇంకో ఆడది, దాని దగ్గర్నుంచి మూడోది. మూడోదానికి ఎత్తుకోవడం సరిగ్గా రాదు, పిల్లను తలకిందులుగా పట్టుకుంది. పిల్ల కిచకిచమంటే తల్లి వచ్చి తీసుకుంది. ఎర్రమూతి కోతి తల్లి ఇంత తేలిగ్గా పిల్లను ఇవ్వదు. మగ కొండెంగ పైకొమ్మ మీద, తోక కిందికి వేలాడేసి, మాకు వీపు పెట్టి కూర్చుంది. ఇదంతా దానికి పట్టలేదు.

"మన ఊర్ల కోతులను ఎల్లగొట్టనీకి తెచ్చినం గదా, గిదేనా?" అన్నాడు నాయిన.

అదే. అయితే పైకొమ్మ మీది ఆసామి ఊరికే కూర్చోలేదు. బయటి మగది వచ్చి దీన్ని తరిమి గుంపును పట్టుకుంటే, చంటిపిల్లలకు గండం, కొత్త మగది వాటిని చంపేస్తుంది. జపాన్ పరిశోధకుడు సుగియామా 1960ల్లో మన పక్కనే ధార్వాడ్ అడవుల్లో దీన్ని చూసి రాశాడు. తర్వాత అమెరికా పరిశోధకురాలు సారా హర్డీ 1970ల్లో రాజస్థాన్‌లోని మౌంట్ ఆబూలో కొండెంగల వెంట తిరిగి కారణం చెప్పింది: పాలిచ్చే తల్లి ఎదకు రాదు, పిల్ల పోతే త్వరగా వస్తుంది, కొత్త మగదానికి అదే కావాలి. నాయినకు ఇది నచ్చలేదు. హనుమంతుడి వంశం గురించి అలా అనొద్దన్నాడు.

జంటగా బతికే కోతులు ఎందుకున్నాయన్న ప్రశ్నకూ దీనికీ సంబంధం ఉంది. క్షీరదాల్లో జంట కాపురం చేసేవి నూటికి పది కూడా లేవు, కోతి జాతుల్లో మాత్రం కాస్త ఎక్కువ. 2013లో ఒకే సమయంలో రెండు పరిశోధనలు వచ్చాయి. పిల్లను చంపే మగవాటి నుంచి కాపాడుకోవడానికే తండ్రి పక్కన ఉండిపోయాడని ఒకటి. ఆడవి దూరదూరంగా బతుకుతుంటే ఒక్కడు ఇద్దరిని కాచుకోలేక ఒకదానితోనే ఉండిపోయాడని ఇంకొకటి. నాకు రెండోదే నమ్మబుద్ధవుతుంది. జంటగా ఉన్నంత మాత్రాన పిల్లనెత్తుకుంటాడనీ లేదు. అస్సాంలోని హూలాక్ గిబ్బన్‌లు అనే తోకలేని వానరాలు ఆలుమగలు కలిసి పాడతాయి గానీ, పిల్లను మోసేది తల్లే.

మధ్యాహ్నం మల్లెల తీర్థం. వటువర్లపల్లి దగ్గర పక్కకు తిరగాలి. మూడొందలకు పైగా మెట్లు దిగితే జలపాతం. డిసెంబర్‌లో నీళ్ళు సన్నగా పడుతున్నాయి, అయినా బాగుంది. దిగడం సరే, ఎక్కేటప్పుడు పది కిలోల పాప ఇరవై కిలోలయింది. చంటిపిల్లలున్నవాళ్ళు ఒకరు పైనే ఉండిపోవడం మేలు. సగం మెట్ల మీద కూర్చుని ఆయాసం తీర్చుకుంటూ నాయినకు దక్షిణ అమెరికా టిటి కోతి గురించి చెప్పాను. అక్కడ పిల్లను రోజంతా మోసేది తండ్రే, తల్లి పాలివ్వడానికి మాత్రం తీసుకుంటుంది. రాత్రిపూట తిరిగే ఔల్ మంకీ కూడా అంతే. అర్జెంటీనాలో 35 పిల్లలకు డీఎన్ఏ పరీక్ష చేస్తే, మోసిన తండ్రే అన్నిటికీ కన్నతండ్రి అని తేలింది. కాటన్ టాప్ టామరిన్ అనే చిన్న కోతుల్లో తండ్రులైతే ఆడది కడుపుతో ఉన్నప్పుడే బరువు పెరుగుతాయి, తర్వాత కవలల్ని మొయ్యాలి కదా.

"నువ్వు గూడ పెరిగినవ్, గని మోస్తలేవు," అని పాపను నా చేతుల్లోంచి తీసుకుని మిగతా మెట్లు ఎక్కాడు. డెబ్బై ఏళ్ళ మనిషి.

తిరుగు దారిలో డిండి దగ్గర చేపల ఫ్రై కోసం ఆగాం. అప్పటికప్పుడు వేయించి ఇస్తారు, వేడిగా బాగుంటుంది. ముళ్ళు ఎక్కువ, పిల్లలకు పెట్టొద్దు. పాప నాయిన భుజం మీద నిద్రపోయింది. ఆయన ఒక చేత్తో తింటూ అడిగాడు: "ఆ టిటి కోతి సంగతి. పిల్ల తండ్రి దగ్గరుంటే, పాలిచ్చేదాక తల్లి ఏం జేస్తది?"

"తింటది నాయినా."

మా ఇంటామె నా వైపు చూసి, "అయితే ఇంకో ప్లేటు చెప్పు," అంది.