సెకండ్‌హ్యాండ్ 1050 టీఐ కొంటున్నారా? డబ్బులు పంపే ముందు ఇది చదవండి

ముందు అసలు విషయం చెప్పేస్తా. "జీటీఎక్స్ 1050 టీఐ, 4 జీబీ, సూపర్ కండిషన్" అని ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టిన గ్రాఫిక్స్ కార్డు (గేమ్‌ల బొమ్మ తయారుచేసి తెర మీదకి పంపేది) కొన్నాను. చేతికొచ్చింది 2011 నాటి జీటీఎక్స్ 550 టీఐ. కార్డు బయోస్ (తన పేరు, వివరాలు చెప్పే లోపలి చిన్న ప్రోగ్రాం) మార్చేసి కొత్త పేరు తగిలించారు. విండోస్‌లో హార్డ్‌వేర్ జాబితా చూపించే డివైస్ మేనేజర్ కూడా ఆ దొంగ పేరే చూపించింది, అందుకే నమ్మాను. మీరు నమ్మకండి.

మా తమ్ముడి కంప్యూటర్‌లో ఉన్నది ఐ5-3470, అంటే 2012 నాటి ప్రాసెసర్. ఏదో ఆఫీసులో వాడి వదిలేసిన సిస్టమ్. దాని పవర్ సప్లైకి గ్రాఫిక్స్ కార్డు కోసం విడిగా 6 పిన్ కేబుల్ లేదు. కాబట్టి మదర్‌బోర్డు స్లాట్ ఇచ్చే 75 వాట్లతోనే సరిపెట్టుకునే కార్డు కావాలి. ఎవర్ని అడిగినా ఒకటే జవాబు: 1050 టీఐ తీసుకో. 2016లో వచ్చిన కార్డయినా పాత సిస్టమ్‌లు ఉన్నవాళ్లందరూ ఇప్పటికీ దాని వెంటే పడతారు. మోసగాళ్లకీ ఆ సంగతి తెలుసు. దొంగ సరుకు తిరిగేదీ ఆ పేరు మీదే.

అమ్మినతను డివైస్ మేనేజర్ స్క్రీన్‌షాట్ పంపాడు. పూల దుప్పటి మీద కార్డు పెట్టి తీసిన ఫొటో కూడా పంపాడు. డబ్బులు వేసేశాను.

పార్సిల్ విప్పగానే కార్డుకి 6 పిన్ సాకెట్ కనబడింది. ఇదేంటని అడిగితే "అన్నా, అది స్పీడు పెంచిన ఓవర్‌క్లాక్ మోడల్, పవర్ కొంచెం ఎక్కువ లాగుద్ది" అన్నాడు. 6 పిన్ ఉన్న అసలు 1050 టీఐలు కూడా ఉన్న మాట నిజమే, అందుకే నోరు మూసుకుని ఒక మోలెక్స్ కన్వర్టర్ (పాత నాలుగు పిన్ల పవర్ కేబుల్‌ని 6 పిన్‌గా మార్చేది) తెచ్చి తగిలించాను. వెనకాల వీజీఏ పోర్టు (పాత మానిటర్ల అనలాగ్ కేబుల్ పెట్టేది) కూడా ఉంది. మా పాత మానిటర్‌కి వీజీఏ తప్ప గతి లేదు కాబట్టి తమ్ముడు ఎగిరి గంతేశాడు. అక్కడే ఆగి ఆలోచించాల్సింది. 1050 టీఐ పాస్కల్ తరం చిప్పు, ఆ తరంలో తయారీ కంపెనీ ఎన్‌విడియా అనలాగ్ అవుట్‌పుట్‌నే తీసేసింది. ఆ కార్డుకి వీజీఏ కనిపిస్తే సగం అనుమానం అక్కడే రావాలి. మిగతా సగం, కార్డుని నడిపించే సాఫ్ట్‌వేర్ గురించి అమ్మినతను "డ్రైవర్ అప్‌డేట్ చేయొద్దన్నా, నేను పంపిన లింకులోదే వేసుకో" అన్నప్పుడు రావాలి. నాకు రెండూ రాలేదు.

డెస్క్‌టాప్ బాగానే వచ్చింది, వీడియోలు ఆడాయి. గేమ్ పెడితే మెనూ వరకు ఓకే. లోపలికి వెళ్లిన రెండు నిమిషాలకి తెర మీద ఆకుపచ్చ, గులాబీ రంగు గళ్లు, ఆ వెంటనే నల్ల తెర. ర్యామ్ మార్చి చూశాను. పవర్ చాలట్లేదేమో అని కొత్త పవర్ సప్లై కూడా కొన్నాను. అదింకో దండగ. ఇలా రెండు వారాలు గడిచాక, పాత డ్రైవర్ పూర్తిగా తీసేసి ఎన్‌విడియా సైట్ నుంచి దింపిన డ్రైవర్ వేశాను. రీస్టార్ట్ అవ్వగానే బ్లూ స్క్రీన్. మళ్లీ రీస్టార్ట్, మళ్లీ అదే.

అప్పుడు సేఫ్ మోడ్‌లో ఆ డ్రైవర్ పీకేసి, అతనిదే మళ్లీ వేసి, కార్డు వివరాలు చూపించే జీపీయూ-జెడ్ అనే ప్రోగ్రాం తెరిచాను. పేరు ముందే బ్రాకెట్లో "ఫేక్" అని ఉంది! ఇలాంటి కార్డుల్ని పట్టుకునే ఏర్పాటు 2018 నుంచే అందులో ఉందట. చిన్న ఫైలు, ఉచితం, నిమిషం పని. కొన్న రోజే చేసుంటే పవర్ సప్లై డబ్బులైనా మిగిలేవి. కింద చూస్తే షేడర్లు (బొమ్మ లెక్కలు చేసే చిన్న యూనిట్లు) 192, చిప్పు తయారీ టెక్నాలజీ 40 ఎన్ఎం (నానోమీటర్లు). అసలు 1050 టీఐలో అయితే షేడర్లు 768, చిప్పు జీపీ107, 14 ఎన్ఎం.

అయినా మనసు ఒప్పుకోక, చిప్పుని చల్లబరిచే హీట్‌సింక్ నాలుగు స్క్రూలూ విప్పాను. చిప్పు మీద వేడి లాగడానికి రాసిన పేస్టు ఎండిపోయి సున్నంలా పెచ్చులు లేస్తోంది. స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడుస్తుంటే అక్షరాలు ఒక్కొక్కటే బయటపడ్డాయి: జీఎఫ్116, అంటే 550 టీఐ చిప్పు. ఇక వాదన లేదు.

విండోస్ వెళ్లి చిప్పుని గీకి చూడదు. కార్డు బయోస్, డ్రైవర్ కలిసి ఏ పేరు చెబితే అదే రాసుకుంటుంది. 4 జీబీ అని చూపించేదీ అలాంటిదే. నా కార్డులో నిజంగా ఉన్నది 1 జీబీ. అది నిండాక గేమ్ ఇంకా రాయాలని చూస్తుంది, రాయడానికి అక్కడ మెమరీ ఉంటే కదా! ఆ రంగు గళ్లు అందుకే.

కాబట్టి స్క్రీన్‌షాట్ ఒప్పుకోకండి, వీడియో అడగండి. కట్ చేయకుండా ఒకే వీడియోలో కార్డు మీ పేరూ ఆ రోజు తేదీ రాసిన కాగితం పక్కన కనబడాలి, జీపీయూ-జెడ్ కనబడాలి, ఆ తర్వాత పది నిమిషాలు ఏదైనా బరువైన గేమ్ ఆడాలి. వీజీఏ, 6 పిన్ ఫొటోలు ముందే అడగండి. నసిగితే వదిలేయండి, కార్డులకి కరువు లేదు. కొన్నాక అయినా సరే, వాపసు గడువు దాటకముందే ఎన్‌విడియా సైట్‌లోని డ్రైవర్ వేసి చూడండి. నాకు గడువు దాటిపోయింది.

దొంగ కార్డులు కాకపోయినా పేరుతో ముంచేవి ఇంకొన్ని ఉన్నాయి. జీటీ 1030 కార్డులో డీడీఆర్4 మెమరీ వేసిన రకం ఉంది. జీడీడీఆర్5 రకంలో మెమరీ వేగం సెకనుకి 48 జీబీ అయితే దీనిది 17 కూడా లేదు. ఆర్ఎక్స్ 580లో 2048ఎస్‌పీ అని ఒకటి తిరుగుతుంది. మామూలు 580లో 2304 షేడర్లు ఉంటాయి, దీనిలో 2048 మాత్రమే, అంటే దాదాపు ఒక మెట్టు కిందున్న ఆర్ఎక్స్ 570తో సమానం. వీటికి ఆ పేర్లు పెట్టింది కంపెనీలే, కాబట్టి జీపీయూ-జెడ్‌లో "ఫేక్" అని రాదు. అంకెలు మీరే చూసుకోవాలి.

ఇంకోటి, అసలైన 1050 టీఐకే కొత్త గేమ్ డ్రైవర్లు 2025 అక్టోబరుతో ఆగిపోయాయి. ఒరిజినలే దొరికినా అడిగినంతా ఇచ్చేయకండి, గట్టిగా బేరమాడండి.

అమ్మినతనికి ఫొటోలన్నీ పంపాను. మొదట "అన్నా, నాకూ ఎవరో అమ్మారు" అన్నాడు. మర్నాడు "మీ పవర్ సప్లై వల్లే పాడైంది" అన్నాడు. తర్వాత బ్లాక్. నిన్న ఇంకో అకౌంట్ నుంచి అదే ప్రకటన మళ్లీ కనబడింది. అదే పూల దుప్పటి, అదే ఫొటో, కింద "ఒక్క పీసే ఉంది, త్వరపడండి" అని. ఆ ఒక్క పీసు నా బల్ల మీద హీట్‌సింక్ ఊడదీసి ఉంది.