కత్తి పట్టిన అలాదీన్: ముప్పై ఏళ్ల నాటి ఆటకు ఇప్పటి సమీక్ష

సెగా సంస్థ మెగా డ్రైవ్ కన్సోల్ (టీవీకి కలిపి ఆడుకునే యంత్రం) కోసం 1993లో వచ్చిన ‘అలాదీన్’ ఆట విషయంలో విమర్శకులు ఇప్పటికీ రెండు జట్లుగానే ఉన్నారు. సినిమాల ఆధారంగా వచ్చిన యాక్షన్ ఆటల్లో దీన్ని మించినది అరుదని ఒక జట్టు అంటుంది. అదే ఏడాది సూపర్ నింటెండో కోసం క్యాప్‌కామ్ సంస్థ వేరుగా తయారుచేసిన మరో ‘అలాదీన్’ దీనికంటే చక్కగా ఆడించే ఆట అనీ, మెగా డ్రైవ్ ఆటకు దక్కిన పేరంతా బొమ్మల అందం వల్ల దక్కినదే అనీ రెండో జట్టు వాదిస్తుంది. విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాల్లో ఆ కన్సోళ్లు రెండూ లేని ఇళ్లే ఎక్కువ కాబట్టి ఈ తగవు మన దాకా రాలేదు. ఆట మాత్రం వచ్చింది, కంప్యూటర్ల మీదుగా వచ్చింది, ఒక తరం పిల్లలకు బాగా తెలిసిన ఆటగా నిలిచింది. ఇప్పుడు కొత్త కన్సోళ్లకూ, కంప్యూటర్లకూ తగినట్టు ఇది మళ్లీ అమ్మకానికి ఉంది కనుక, ఆ పొగడ్తలో ఎంత నిజముందో, ఆ ఫిర్యాదులో ఎంత బలముందో తూచి చూడడం అవసరమని నా అభిప్రాయం.

ముందు బొమ్మల సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ ఆట పుట్టుకే అక్కడ ఉంది. రాన్ క్లెమెంట్స్, జాన్ మస్కర్ దర్శకత్వంలో డిస్నీ తీసిన ‘అలాదీన్’ కార్టూన్ సినిమా 1992 నవంబరు 25న విడుదలైంది. ఆట తయారీని వర్జిన్ గేమ్స్ చేపట్టింది. డేవిడ్ పెర్రీ ప్రధాన ప్రోగ్రామర్‌గా పనిచేశాడు. అప్పటివరకూ సినిమా ఆటల్లో పాత్రలను ఆట తయారుచేసేవాళ్లే చుక్క చుక్కగా తెర మీద పేర్చుకునేవారు. ఇక్కడ అలా జరగలేదు. డిస్నీ సంస్థ చిత్రకారులే కాగితం మీద పెన్సిలుతో ఒక్కొక్క కదలికనూ గీశారు. ఆ బొమ్మలను స్కాన్ చేసి, రంగులద్ది, ఆటలోకి ఎక్కించారు. మెగా డ్రైవ్ మొత్తం 512 రంగుల్లోంచి ఒకేసారి 64 రంగులను మాత్రమే తెర మీద చూపగల యంత్రం. ఆట క్యాసెట్టు పరిమాణం 16 మెగాబిట్లు, అంటే రెండు మెగాబైట్లు. ఈ రోజు ఫోనులో తీసే ఒక ఫొటోకే అంతకన్నా ఎక్కువ జాగా పడుతుంది. అంత ఇరుకులో అలాదీన్ పరిగెత్తి ఆగేటప్పుడు ఒళ్లు ముందుకు తూగడం, తాడు పట్టుకుని పాకేటప్పుడు కాళ్లు ఆసరా వెతుక్కోవడం వంటి చిన్న చిన్న కదలికలను కూడా వదలకుండా ఇమిడ్చారంటే, ఆ పనితనానికి నేను మనస్ఫూర్తిగా నమస్కరిస్తాను.

పనితనం ఒక్క నాయకుడి దగ్గర ఆగిపోలేదు. కథ జరిగే అగ్రబా నగరపు బజారు లెవెల్‌లో నిప్పుల మీద అడుగుపెట్టిన లావుపాటి భటుడు గెంతులు వేస్తూ అరుస్తాడు. ఒంటె వీపు మీదికి దూకితే అది ఉమ్ముతుంది, ఆ ఉమ్ము ఎదురుగా వచ్చేవాడికి తగులుతుంది. కిటికీల్లోంచి కుండలు వచ్చి పడతాయి. ఇళ్ల కప్పుల మీద జరిగే లెవెల్‌లో పిల్లనగ్రోవి దొరికితే తాడు పాములా లేచి నిలబడుతుంది. మన ప్రాణం ఎంత మిగిలిందో చెప్పడానికి అంకెలూ గీతలూ వాడలేదు. తెర మూల ఉన్న దీపంలోంచి వచ్చే పొగ పెద్దదిగా ఉంటే ప్రాణం నిండుగా ఉన్నట్టు, దెబ్బలు తిన్నకొద్దీ ఆ పొగ తగ్గిపోతుంది. సినిమాలోని వస్తువునే ఆట సూచనగా మార్చిన ఈ ఆలోచన నాకు ఎప్పుడు చూసినా ముచ్చటగా ఉంటుంది. చదవడం రాని చిన్న పిల్లవాడికి కూడా ఎవరూ చెప్పకుండానే అది అర్థమవుతుంది.

సంగీతం గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. అలన్ మెంకెన్ సినిమాకు కట్టిన బాణీలను ఆ యంత్రపు చిప్పు పలికించగలిగినంతలో హుషారుగానే పలికించారు, సొంతంగా కట్టిన బాణీలు కూడా వాటి పక్కన తేలిపోలేదు.

విడుదలైనప్పుడు విమర్శకులు దీనికి బ్రహ్మరథం పట్టారు. అమెరికాలోని ఎలక్ట్రానిక్ గేమింగ్ మంత్లీ పత్రిక 1993 సంవత్సరానికి సెగా కన్సోల్ మీద వచ్చిన ఉత్తమమైన ఆటగా దీన్ని ఎంపిక చేసింది. ప్రపంచవ్యాప్తంగా దాదాపు 40 లక్షల ప్రతులు అమ్ముడయ్యాయి. ఆ కన్సోల్ మీద సెగా సొంత సోనిక్ ఆటలను పక్కన పెడితే ఇంత అమ్మిన ఆట మరొకటి లేదని చెబుతారు. ఇవి ఉత్త ప్రచారం వల్ల వచ్చిన లెక్కలని కొట్టిపారేయడం అన్యాయం. కదిలే బొమ్మ సినిమాలో ఉన్నంత ప్రాణంతో తన చేతి మీట చెప్పినట్టు వినడమన్నది అప్పటి ఆటగాడికి మునుపు లేని అనుభవం.

అయితే రెండో జట్టు ఫిర్యాదు కూడా నిరాధారమైనది కాదు. అది ఎక్కడ పుట్టిందో ఆట ఆడితేనే తెలుస్తుంది. దూకడంలో పుట్టింది. మన ఊళ్లలో తప్పెటగుళ్లు ఆడే కళాకారుడి గెంతు చూసిన వారికి ఈ మాట తేలికగా అర్థమవుతుంది. అతని పాదం నేలను తాకే క్షణమూ, గుండె మీది రేకు తప్పెట మోగే క్షణమూ ఒకటే. ఆ రెండింటికీ మధ్య సందు ఉండదు. ఈ ఆటలో ఆ సందు ఉంది. కంటికి కనిపించే బొమ్మకూ, లోపల యంత్రం లెక్కవేసే అంచుకూ పొత్తు కుదరని చోట్లు పదే పదే తగులుతాయి. ఏది నిలబడదగిన మెట్టో, ఏది వెనకాల గీసిన ఉత్త చిత్రమో కొన్ని చోట్ల తెలియదు. కాలు ఆనిందని కన్ను చెబుతూనే ఉంటుంది, అలాదీన్ మాత్రం కిందికి జారిపోతాడు. కత్తి తిప్పినప్పుడు కూడా అది శత్రువుకు ఏ దూరంలో తగులుతుందో ఒక పట్టాన చేతికి చిక్కదు. అందుకే అనుభవమున్నవారు చాలామంది కత్తిని పక్కన పెట్టి దూరం నుంచి ఆపిళ్లు విసరడానికే మొగ్గు చూపుతారు.

సుల్తాను చెరసాల లెవెల్‌లో ఈ లోపం బాగా బాధిస్తుంది. గోడలోంచి రాళ్లు బయటికి వచ్చి మళ్లీ లోపలికి పోతుంటాయి. అవి వచ్చే వరసను పట్టుకుని వాటి మీదుగా దూకుతూ పైకి పోవాలి. పక్కన ముళ్ల గుండ్లు ఊగుతుంటాయి. అక్కడ ఓడిపోయిన ఆటగాడికి తన తప్పు వల్ల ఓడిపోయానన్న తృప్తి ఉండాలి, తరువాతి సారి సరిదిద్దుకుంటానన్న ధైర్యం రావాలి. ఇక్కడ ఆ తృప్తి అన్ని సార్లూ దొరకదు. అద్భుత గుహ నుంచి లావా మధ్య తప్పించుకునే లెవెల్, ఆ వెంటనే తివాచీ మీద ఎగిరే లెవెల్ ఇంకా కఠినమైనవి. తివాచీ లెవెల్‌లో ఎటు తప్పుకోవాలో చెయ్యి గుర్తు చూపించే మాట నిజమే గాని, వేగం పెరిగేకొద్దీ ఆ గుర్తును చూసి కదిలే వ్యవధి మిగలదు. దారిని బట్టీ పట్టినవాడే బయటపడతాడు. యాక్షన్ ఆటలో బట్టీ పట్టించడం నాకు నచ్చని విషయం. చివర సినిమాలోని ప్రతినాయకుడు, మాంత్రికుడు జాఫర్‌తో పోరులో మాత్రం ఆట మళ్లీ నిలదొక్కుకుంటుంది. అతను మనల్ని తన వైపు లాక్కుంటుంటే వెనక్కి పరిగెత్తుతూ, మధ్యమధ్య తిరిగి ఆపిళ్లు విసరడం, తరువాత అతను పామై నిప్పులు పరచడం మంచి ఉత్కంఠతో సాగుతాయి.

క్యాప్‌కామ్ ‘అలాదీన్’ ఈ బాధలేవీ పెట్టదు. అందులో కథానాయకుడి చేతిలో కత్తి లేదు. శత్రువుల తలల మీదికి దూకుతాడు, కొక్కేలు పట్టుకుని ఊగుతాడు, గుడ్డను గొడుగులా పట్టుకుని మెల్లగా దిగుతాడు. దూకిన ప్రతి దూకూ అనుకున్న చోటికే చేరుతుంది. ఆడే చేతికి అది ఎక్కువ న్యాయం చేస్తుందని నేను ఒప్పుకుంటాను. కానీ దాన్ని రూపొందించిన షింజి మికామి, తరువాత 1996లో రెసిడెంట్ ఈవిల్ ఆటతో ప్రపంచ ప్రసిద్ధి పొందినవాడు, చాలా ఏళ్లకు ఇచ్చిన ఒక ఇంటర్వ్యూలో, తాను తయారుచేసి ఉండకపోతే సెగా ఆటనే కొనేవాడినని, అందులో కదలికలు బాగున్నాయని, అలాదీన్ చేతిలో కత్తి కూడా ఉందని చెప్పాడు. పోటీ ఆట చేసిన వ్యక్తే అలా అన్నాడంటే, ఆ బొమ్మల ఆకర్షణ పైపై మెరుగు కాదని తేలుతుంది.

ఈ తగవులో ఇరుపక్షాలూ వదిలేసిన అంశం ఒకటుంది. అది మన ప్రాంతపు అనుభవం నుంచి చూస్తేనే నాకు స్పష్టంగా కనిపించింది. ఇక్కడికి వచ్చినది 1994లో డాస్ అనే పాత వ్యవస్థతో నడిచే కంప్యూటర్లకు మార్చిన రూపం. విజయనగరంలో గంటస్తంభం చుట్టుపక్కల, శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలి వైపు, మేడ మీది గదుల్లో నడిచిన కంప్యూటర్ శిక్షణ కేంద్రాల్లో ఎమ్మెస్ ఆఫీసు, సి భాష నేర్చుకోవడానికి వెళ్లిన విద్యార్థులు పాఠం అయిపోయాక మిగిలిన సమయంలో దీన్ని ఆడేవారు. కంప్యూటరు ఒకటి, కుర్చీ ఒకటి, వెనక నిలబడ్డవాళ్లు ఎందరో. ఆడేవాడు ఒక్కడే అయినా ఆట అందరిదీ. “ఏటి చూస్తన్నావు, దూకీరా!” అని వెనక నుంచి అరుపులు, భటుడు నిప్పుల మీద గెంతితే గది నిండా నవ్వులు. పత్రికల్లో మార్కులు వేసే విమర్శకుడు ఒంటరిగా కూర్చుని, మీట తన చేతిలో పట్టుకుని ఆడతాడు. అతనికి దూకులోని సందు ముందు కనిపిస్తుంది. వెనక నిలబడి చూసేవాడికి ఆ సందు కనిపించదు, వాడికి అలాదీన్ ఒళ్లు కదిలే తీరే కనిపిస్తుంది. వర్జిన్ వారి ‘అలాదీన్’ ఆడేవాడి కోసం ఎంత తయారైందో, పక్కనుండి చూసేవాడి కోసం అంతకంటే ఎక్కువ తయారైంది. క్యాప్‌కామ్ ఆట పూర్తిగా ఆడేవాడిది. ఈ తేడాను పట్టించుకోకుండా ఏది గొప్పదని వాదించడం వల్లనే తగవు తెగకుండా ఉండిపోయిందని నేను నమ్ముతున్నాను.

డిజిటల్ ఎక్లిప్స్ సంస్థ 2019 అక్టోబరులో ‘అలాదీన్’, ‘లయన్ కింగ్’ ఆటలను కలిపి మళ్లీ తెచ్చినప్పుడు, తెలిసి చేసిందో తెలియక చేసిందో గాని, ఈ చూసే సుఖానికి కూడా చోటు కల్పించింది. ఆట తనంతట తానే మొదటి నుంచి చివరి దాకా నడుస్తుంటే మనం చూడవచ్చు, ముందుకు జరపవచ్చు, ఇష్టమైన చోట ఆపి అక్కడి నుంచి మనమే ఆడవచ్చు. ఆడుతూ తప్పు చేస్తే కొన్ని క్షణాలు వెనక్కి తిప్పుకునే సౌకర్యం ఉంది, ఎక్కడంటే అక్కడ భద్రపరచుకునే వీలుంది. అసలు తయారీ నాటి చిత్తు బొమ్మలు, తయారీదారుల ఇంటర్వ్యూలు ఉన్న విభాగం ఈ సంకలనంలో విలువైన భాగం. పెన్సిలు గీతలు ఆట బొమ్మలుగా మారిన క్రమాన్ని అక్కడ కళ్లారా చూడవచ్చు. ‘ఫైనల్ కట్’ అనే పేరుతో కొన్ని దిద్దుబాట్లు చేసిన కొత్త రూపం కూడా ఉంది. అందులో తెర కదిలే పద్ధతిని సవరించినందువల్ల ముందున్న దారి మరికొంత కనిపిస్తుంది, నేను పైన చెప్పిన దూకుల బాధ పూర్తిగా పోకపోయినా తగ్గుతుంది.

సంకలనాన్ని విమర్శకులు ఆదరించారు గాని, క్యాప్‌కామ్ ఆట లేకపోవడాన్ని గట్టిగా ఎత్తిచూపారు. ఆ మాట న్యాయమైనది. 2021 నవంబరులో వచ్చిన విస్తరించిన సంకలనంలో ఆ ఆటనూ, ‘జంగిల్ బుక్’ ఆటనూ చేర్చి ఆ లోటు తీర్చారు. పాత సంకలనం కొన్నవారికి అదనపు భాగంగా విడిగా కూడా అమ్మారు. మన విద్యార్థులు ఆడిన డాస్ రూపం మాత్రం రెండింటిలోనూ లేదు. ఈ విషయం గురించి ఎక్కడా పెద్దగా ఫిర్యాదు వినిపించకపోవడం నాకు బాధ కలిగించింది. చరిత్రను భద్రపరుస్తున్నామని చెప్పుకునే సంకలనం, కన్సోళ్లు లేని దేశాల్లో ఆ ఆటను బతికించిన రూపాన్ని కూడా చరిత్రగా లెక్కించి ఉండాల్సింది.

2019 సంకలనం విడుదల ధర 29.99 డాలర్లు. చేయి తిరిగిన ఆటగాడు గంట లోపు ముగించగల ఆటకు అది ఎక్కువే, అందువల్ల రెండు ‘అలాదీన్’లూ ఉన్న 2021 సంకలనాన్నే, అది కూడా తగ్గింపు ధర ఉన్నప్పుడు కొనమని నేను చెబుతాను. ఇంట్లో చిన్నపిల్లలుంటే వారి చేతికి ముందు క్యాప్‌కామ్ ఆట ఇవ్వండి, దూకడం దానితో నేర్చుకుంటారు. తరువాత టీవీకి కలిపి, ఇంటిల్లిపాదీ కూర్చున్నప్పుడు మెగా డ్రైవ్ ఆటను ‘ఫైనల్ కట్’ రూపంలో మొదలుపెట్టండి. వెనక్కి తిప్పే సౌకర్యాన్ని గుహ, తివాచీ లెవెళ్లకు మాత్రం వాడుకోండి. బజారులోనూ, ఇళ్ల కప్పుల మీదా దాని అవసరం రాదు.