ఏ సర్కారూ లేని ఊరు, రెండున్న ఊరు, ఒక్కటే ఉన్న ఊరు: సేద్యానికి ఏది మేలు?

ఒడిశాలోని అవిభక్త కొరాపుట్ జిల్లా 1992లో నాలుగు ముక్కలైంది. ఈ కొండల్లో తిరిగే మాలాంటి తెలుగువాళ్లకు మూడు రకాల పాలన పక్కపక్కనే కనిపిస్తుంది. భూమి అదే, పంటలూ అవే: వరి, చోళ్లు (రాగులు), సామలు, అల్లం, పసుపు. ఇంటి తిండికీ చేను పనికీ ఏ పాలన మేలు చేసిందన్న లెక్క మాత్రం ఊరూరికీ మారుతుంది.

సర్కారు కాలు పెట్టలేని చోటు ముందుగా. మల్కన్‌గిరి జిల్లాలో బలిమెల జలాశయం వెనక చిక్కుకుపోయిన 151 ఊళ్లు ఏళ్ల తరబడి మావోయిస్టుల పట్టులో ఉండేవి. పనులు చూడటానికి వెళ్లిన కలెక్టరు వినీల్ కృష్ణనే 2011 ఫిబ్రవరిలో ఎత్తుకుపోయారు. 2018 జూలైలో గురుప్రియ వంతెన తెరిచేదాకా అక్కడివాళ్లకు పడవే దిక్కు. చోళ్ల మూట భుజాన వేసుకుని, నీళ్లు దాటి, సంతలో అమ్మితే రోజు కూలి కూడా గిట్టేది కాదు. గంజాయి దళారి మాత్రం వాకిట్లోకే వచ్చి డబ్బు చేతిలో పెట్టేవాడు. ఆ రైతును తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. దీన్ని మేలు అనే మాటకు దూరంగానే ఉంచుదాం.

అసలు చిక్కు ఒడిశా, ఆంధ్ర సరిహద్దులోని కొటియా ఊళ్లలో ఉంది. 1936లో ఒడిశా ఏర్పడ్డప్పుడు సరిగా కొలవకుండా వదిలేసిన ఊళ్లివి. 21 ఊళ్లు మావంటే మావని ఒడిశా, ఆంధ్ర పట్టుబట్టాయి. 1968లో సుప్రీంకోర్టుకెక్కిన వ్యాజ్యం 2006లో ముగిసినా గీత మాత్రం తేలలేదు. సరిహద్దు తేల్చాల్సింది పార్లమెంటేనని కోర్టు చెప్పింది. 2021 ఫిబ్రవరిలో ఆంధ్ర అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా మళ్లీ కోర్టుకు వెళ్లింది.

తిండి ఒక్కటే చూస్తే ఈ పోటీ ఊళ్లకు కలిసొచ్చింది. ఒకరు బడి కడితే మరొకరు రోడ్డు వేస్తారు. ఒక పెద్దాయన ఇంట్లో వాసానికి వేలాడుతున్న పాలిథిన్ సంచి దించి చూపించాడు. అందులో రెండు రేషన్ కార్డులు, రెండు ఓటరు కార్డులు, పసుపు గుడ్డలో చుట్టిన వేలెడంత అల్లం విత్తనం. "బియ్యం రెండు వైపుల నుంచీ వస్తాయి బాబూ. ఈ విత్తనం నాటుకోవడానికి అప్పు ఇచ్చేవాడు మాత్రం ఏ వైపూ లేడు" అన్నాడు. ఆంధ్ర వైపున్న సాలూరు షావుకారు దగ్గర తెచ్చిన బాకీ కింద, అల్లం తవ్వగానే ఆ షావుకారుకే పోతుందట. బ్యాంకు అప్పుకైనా, పంటల బీమాకైనా, ధాన్యం కొనుగోలుకైనా ముందు అడిగేది భూమి కాగితమే. ఆ కాగితాన్ని రెండో రాష్ట్రం ఒప్పుకోనప్పుడు చెక్‌డ్యాము, కాలువ లాంటి పదేళ్ల పనికి ఎవరు పూనుకుంటారు? కడుపు నిండుతోంది, చేను మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

ఇక ఒక్క ఒడిశా సర్కారే కుదురుగా నడిచిన రాయగడ జిల్లా. నవీన్ పట్నాయక్ 2000 నుంచి 2024 దాకా ముఖ్యమంత్రి. అంతకన్నా నిలకడ ఎక్కడుంటుంది? అయినా 2001లో ఆ జిల్లాలోని కాశీపూర్‌లో జనం మామిడి టెంకల అంబలి తాగి చనిపోయారు. అప్పుడు ప్రభుత్వ గోదాముల్లో ధాన్యం లేక కాదు. కుర్చీ కదలకపోతే చాలదని నాకు నేర్పింది ఆ టెంకలే.

అయితే ఆ నిలకడ వల్లే కుదిరిన పనులూ ఉన్నాయి. 2017లో మొదలైన మిల్లెట్ మిషన్, అంటే చిరుధాన్యాల సాగుకు ఒడిశా పెట్టిన పథకం, ఏటా అదే పద్ధతిలో నడవడంతో, చోళ్లకు మద్దతు ధర దొరుకుతుందన్న ధీమా గిరిజన రైతుకు మెల్లగా కుదిరింది. 2024లో ప్రభుత్వం మారాక రైతులకు నగదు సాయం చేసే కాలియా పథకం పోయి సీఎం కిసాన్ వచ్చింది. పేరు మారినా సొమ్ము ఆగలేదు. వరికి మద్దతు ధర మీద క్వింటాలుకు 800 రూపాయలు అదనంగా కలిశాయి. మండీలో తరుగు పేరిట కోసే కోత, వాళ్లు కట్నీ‑ఛట్నీ అనేది, రైతును ఇంకా పీడిస్తూనే ఉంది. కానీ ఆ రైతుకు ఎవరిని నిలదీయాలో తెలుసు. కొటియా పెద్దాయన ఏ గుమ్మం ఎక్కాలి?

అందుకే రెండో కార్డు పోయినా సరే, కొటియాకు ఒక్క సర్కారే మేలంటాను. ఏ రాష్ట్రమన్న పట్టింపు నాకు లేదు. 2021 నవంబరులో ఇద్దరు ముఖ్యమంత్రులు భువనేశ్వర్‌లో కూర్చుని, ఇద్దరు ప్రధాన కార్యదర్శులతో కమిటీ వేస్తామన్నారు. గీత ఎటు పడినా సాలూరు సంత దారి మూసుకుపోకూడదు. కొత్త పట్టా చేతికందేదాకా రెండు కార్డుల బియ్యమూ ఆగకూడదు. పట్టా ఇచ్చే రోజునే, అదే బల్ల దగ్గర, అల్లం విత్తనానికి అప్పు కాగితం కూడా రాయాలి.