సెకండ్ హ్యాండ్ బ్లేజో ఎక్స్ 35: షికాగో మూలాలున్న పన్నెండు టైర్ల బండి కొనొచ్చా?

విజయవాడ ఆటోనగర్‌లో పాత 12 టైర్ల బండి బేరానికి దిగితే టాటా మీదా లేలాండ్ మీదా ప్రతి మెకానిక్కుకీ ఒక లెక్క ఉంటుంది. మహీంద్రా బ్లేజో దగ్గరికొచ్చేసరికి ఒకరు మంచిదంటారు, ఇంకొకరు వద్దంటారు. ఆ బండి ఎక్కడినుంచి వచ్చిందో తెలిస్తే ఈ గందరగోళం సగం తగ్గుతుంది. మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. బీఎస్6 (2020 నుంచి అమల్లో ఉన్న పొగ నిబంధనలు) బ్లేజో ఎక్స్ 35 సిమెంటు, బియ్యం, మొక్కజొన్న లాంటి దూరపు లోడ్లకు మంచి బండి. ఊళ్లో ఇసుక, కంకర చిన్న ట్రిప్పులకు మాత్రం తీసుకోవద్దు. ఇంజను బ్లాకు గురించి పెద్దగా బెంగ అక్కర్లేదు. టైము పెట్టి చూడాల్సింది సైలెన్సర్ వైపు.

షికాగోలో 1902లో మెక్‌కార్మిక్, డీరింగ్ అనే కోతయంత్రాల కంపెనీలూ మరో మూడు చిన్న కంపెనీలూ కలిసి ఇంటర్నేషనల్ హార్వెస్టర్ అయ్యాయి. 1907లో ఎత్తు చక్రాల ఆటో బగ్గీ వచ్చింది. మట్టి దారుల్లో తిరిగే రైతు కోసం కట్టిన బండి అది, లారీల వ్యాపారం అక్కడే మొదలైంది. 1963లో ఈ కంపెనీ మహీంద్రా, వోల్టాస్‌లతో కలిసి ఇక్కడ ట్రాక్టర్ల కంపెనీ పెట్టింది. మన పొలాల్లో తిరిగిన బి-275 ఆ కూటమిదే. అమెరికాలో 1980ల్లో అప్పులు మీదపడి ట్రాక్టర్ల వ్యాపారం అమ్ముకున్నాక, 1986లో పేరు నవిస్టార్‌గా మారింది. లారీలకు మాత్రం ఇంటర్నేషనల్ పేరే ఉంచారు.

ఆ నవిస్టార్ 2005లో మళ్లీ మహీంద్రాతో చేయి కలిపింది. మహీంద్రాది 51 శాతం, వాళ్లది 49. పుణె దగ్గర చాకన్‌లో తయారైన ఎంఎన్ 25, ఎంఎన్ 31 బళ్లు, 7.2 లీటర్ల ఆరు సిలిండర్ల మ్యాక్స్‌ఫోర్స్ ఇంజను ఆ జోడీ నుంచి వచ్చినవే. సరిగ్గా అప్పుడే అమెరికాలో నవిస్టార్ పెద్ద తప్పు చేసింది. 2010 పొగ నిబంధనలకు మిగతా కంపెనీలన్నీ పొగలోకి యూరియా ద్రావణం చల్లే ఎస్సీఆర్ పద్ధతికి వెళ్తే, నవిస్టార్ ఒక్కటే ఈజీఆర్‌తో నెట్టుకొద్దామనుకుంది. అంటే కాలిన పొగలో కొంత చల్లబరిచి మళ్లీ సిలిండర్లోకి పంపడం. దానివల్ల మసీ వేడీ పెరిగి 13 లీటర్ల మ్యాక్స్‌ఫోర్స్ ఇంజన్లు వరసగా షెడ్లకెక్కాయి. 2012లో కంపెనీ ఎస్సీఆర్‌కి ఒప్పుకుంది. భారత్‌లోని వాటా కూడా ఆ ఏడాది చివర్లోనే మహీంద్రాకి అమ్మేయడానికి ఒప్పందం చేసుకుంది. 2021లో ఫోక్స్‌వ్యాగన్ గ్రూపులోని ట్రాటన్ నవిస్టార్‌ని కొనేసింది.

అమెరికాలో చెడ్డపేరు తెచ్చుకున్న 13 లీటర్ల ఇంజనూ మన 7.2 లీటర్ల ఇంజనూ ఒకటి కావు. పేరు కలిసిందని భయపడి మంచి బండి వదులుకోవద్దు. 2016లో మహీంద్రా సొంతంగా బ్లేజో తెచ్చినప్పుడు ఈ 7.2 ఇంజనుకే కామన్ రైల్ (ఒకే గొట్టం నుంచి ఇంజెక్టర్లన్నిటికీ ఎక్కువ ఒత్తిడితో డీజిల్ పంపే పద్ధతి) పెట్టి, మైలేజీ ఎక్కువ రాకపోతే బండి వెనక్కిచ్చేయమంది. ఇప్పుడు సుమారు 275 హార్స్‌పవర్. డ్యాష్‌బోర్డు మీద టర్బో, హెవీ, లైట్ అని మూడు మోడ్‌లుంటాయి. ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు లైట్, లోడుతో ఏలూరు వైపు చదును రోడ్డుకి హెవీ, నల్లమల ఘాట్ ఎక్కేటప్పుడు టర్బో. చాలామంది ఎప్పుడూ టర్బోలోనే ఉంచి, మైలేజీ రావట్లేదంటారు.

ఇక బేరం రోజు. బండి చల్లగా ఉన్నప్పుడే వెళ్లండి. ముందే స్టార్ట్ చేసి వేడెక్కించి ఉంచితే ఇంకో రోజు వస్తామని చెప్పండి. బీఎస్6 బ్లేజోలో కూడా పొగలోకి యూరియా ద్రావణం చల్లుతారు, దాన్నే డెఫ్ అంటారు. ఆ డెఫ్ ట్యాంకు మూత తీసి చూడండి. అంచున కాస్త తెల్లపొడి ఉంటే పర్వాలేదు, సైలెన్సర్ వైపు డెఫ్ చల్లే ఇంజెక్టర్ చుట్టూ గడ్డకట్టి ఉంటే డ్రైవరు అలవాట్లు బాగాలేవని అర్థం. ఇంజను ఆపాక పంపు పైపుల్లోని డెఫ్‌ని వెనక్కి ట్యాంకులోకి లాగుతుంది. కనీసం రెండు నిమిషాలు ఆగకుండా బ్యాటరీ కటాఫ్ తిప్పితే అది పైపుల్లోనే ఆరి గడ్డకడుతుంది. డెఫ్‌లో యూరియా 32.5 శాతం ఉండాలి, మిగతాది శుద్ధి చేసిన నీళ్లు. ఎరువు బస్తాల యూరియా కలిపి పోస్తే సైలెన్సర్‌లో పొగని శుద్ధి చేసే క్యాటలిస్ట్ పోతుంది. నీళ్లు పోస్తే సెన్సర్ పట్టేసి ఇంజను బలం తగ్గించేస్తుంది. మన ఎండలకు డబ్బాలు నీడలో, వీలైతే 30 డిగ్రీల లోపు ఉంచాలి.

తర్వాత డీపీఎఫ్. ఇది మసి పట్టే జల్లెడ. బండి వేడిమీద చాలాసేపు నడిస్తేనే ఆ మసి కాలిపోతుంది. ఇసుక ట్రిప్పులకు వద్దన్నది ఇందుకే. ఆయిల్ బిల్లులు అడగండి. సీకే-4 లాంటి తక్కువ బూడిద మిగిల్చే ఆయిలే పోసి ఉండాలి. పాత గ్రేడు పోస్తే మిగిలే బూడిద కాలదు, జల్లెడ ఊడదీసి శుభ్రం చేయించాల్సిందే. డీపీఎఫ్ కోసేసి ఖాళీ గొట్టం అతికించిన బళ్లు కూడా అమ్మకానికొస్తాయి. వెల్డింగ్ గుర్తులు కనిపిస్తే బేరం అక్కడితో ఆపేయండి.

సిలిండర్ మిస్సవుతోందేమోనని ఇంజను నడుస్తుండగా ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేయనివ్వొద్దు. పాత పంపు బళ్లకు అది నడిచింది. కామన్ రైల్‌లో వెయ్యి బార్ పైన ఒత్తిడి ఉంటుంది, చిమ్మిన డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. స్కానర్ పెట్టించి ఏ సిలిండర్ ఎంత పనిచేస్తోందో, ఇంజెక్టర్ల రిటర్న్ (వెనక్కి తిరిగొచ్చే డీజిల్) ఎంతో చూడమనండి. ఆయిల్ మూత తీసినప్పుడు పొగ గుప్పుమంటే రింగులు అరిగినట్టు. ఎయిర్ ట్యాంకు డ్రెయిన్ తిప్పితే నీళ్లతోపాటు నూనె కూడా కారితే కంప్రెసర్ పనీ డ్రయ్యర్ కార్ట్రిడ్జీ ఖర్చులో వేసుకోండి. కింగ్ పిన్, జాయింట్ క్రాస్, కమాన్ కట్టలు మీ మెకానిక్కు ఎలాగూ చూస్తాడు. లిఫ్ట్ యాక్సిల్ (ఖాళీ బండికి పైకెత్తే ఇరుసు) టైర్ల అంచులు మాత్రం మీరే తడిమి చూడండి. ఒకవైపే అరిగి ఉంటే అలైన్‌మెంట్ పోయినట్టు.

కొన్నాక బాడీ పని చేయించేవాళ్లకి ఒక మాట. ఆర్క్ వెల్డింగ్ మొదలుపెట్టే ముందు బ్యాటరీ వైర్లు రెండూ తీసి, ఈసీఎం (ఇంజనుని నడిపే కంప్యూటర్) కనెక్టర్ కూడా ఊడదీయమని పక్కనే నిలబడి చెప్పండి. ఎర్త్ క్లాంపు వెల్డింగ్ చేసే చోటికి దగ్గర్లోనే పెట్టించండి. ఇది పది నిమిషాల పని, వదిలేస్తే ఈసీఎం కాలిపోవచ్చు.

పాత ఎంఎన్ 25, ఎంఎన్ 31 చవగ్గా దొరికితే? స్పేర్ల కోసం తిరిగే ఓపిక ఉన్నవాళ్లే తీసుకోవాలి. ఒక్క బండి మీదే కిస్తీ కట్టాల్సినవాళ్లు బీఎస్6 బ్లేజోకే వెళ్లండి.