ఇంకా ట్రెయిలా, చోకెకిరావా?

పెరూలో కుస్కో నగరం వైపు నుంచి కాలినడకన వెళ్లి, ఒకప్పుడు అక్కడ పాలించిన ఇంకాల శిథిలాలు చూడాలంటే ఈ రెండు దారుల మధ్యే తర్జనభర్జన.

ఇంకా ట్రెయిల్ సుమారు 43 కిలోమీటర్లు, నాలుగు రోజులు. రెండో రోజు 4,215 మీటర్ల ఎత్తున్న కనుమ దాటాలి. అక్కడ పది మెట్లెక్కి ఆగితే తప్ప ఊపిరి అందదు. అయితే ఆ మెట్లు చాలావరకు ఇంకాలు పరిచినవే. దారి పొడవునా వాళ్ల కట్టడాలు; చివరి ఉదయం సూర్యద్వారం దాటితే ఇంకాల కొండనగరం మాచుపిచ్చు. చిక్కల్లా అనుమతితోనే. గైడు లేనిదే అడుగు పెట్టనివ్వరు. రోజుకు 500 మందే, అందులో గైడ్లు, పోర్టర్లూ లెక్కే. ఫిబ్రవరిలో దారి మూసేస్తారు.

ఇంకాల మరో శిథిల నగరం చోకెకిరావుకు ఈ తంటా లేదు. సామాను కంచరగాడిదలు మోస్తాయి. ఎత్తు తక్కువేలే అని మురిసిపోతే మాత్రం మోకాళ్లు లెక్క తేలుస్తాయి: నడక మొదలయ్యే కపులియోక్ నుంచి సుమారు 1,400 మీటర్లు దిగి అపురిమాక్ నది దాటాలి, అవతల మళ్లీ అంతా ఎక్కాలి. తిరుగుదారీ అదే. లోయ అడుగున ఎండ మాడ్చేస్తుంది. పైకి చేరాక మాత్రం జనసమ్మర్దం ఉండదు. కొండవాలు మెట్ల పొలాల గోడల్లో తెల్లరాళ్లతో పొదిగిన లామాల (ఒంటె జాతి జంతువుల) బొమ్మలను తీరిగ్గా చూడవచ్చు. నా ఓటు దీనికే.

ఏది ఎంచుకున్నా, ముందు 3,400 మీటర్ల ఎత్తులోని కుస్కోలో రెండు మూడు రోజులు ఉండి శరీరాన్ని అలవాటు చేసుకోండి.